పంటు గది: కాలేజీలో అందరి పిల్లలకూ చోటివ్వడం ఎలా

పోయిన నెలలో పాలకొల్లు వైపు నుంచి ఒక కుర్ర లెక్చరర్ ఫోన్ చేశారు. "మేడమ్, మా ప్రిన్సిపాల్ గారు నన్ను కల్చరల్ ఇన్‌ఛార్జిగా వేశారండి. ఒక గది కూడా ఇస్తామన్నారు. మా దగ్గర అన్ని రకాల పిల్లలూ ఉన్నారు, అందరికీ పనికొచ్చేలా చెయ్యమన్నారు. ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో తెలియట్లేదండి" అన్నారు. గంటసేపు మాట్లాడుకున్నాం. ఫోన్ పెట్టేశాక చెప్పనివే ఎక్కువ గుర్తొచ్చాయి. ఆయనకూ, ఇదే పని మీద పడ్డ ఇంకెవరికైనా పనికొస్తాయని రాస్తున్నాను.

నేను కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. మా సాంస్కృతిక కేంద్రం ఎనిమిదేళ్లుగా నా చేతి మీదుగా నడుస్తోంది. కేంద్రం అంటే ఒకప్పుడు విరిగిన బల్లలు పడేసిన స్టోర్ రూమ్. ఇరవై అడుగుల పొడవు, రెండు కిటికీలు, ఒక ఫ్యాను. మా పిల్లల్లో గోదావరి మధ్య లంకల నుంచి పడవ దాటి వచ్చేవాళ్లున్నారు. సముద్రం ఒడ్డున పల్లిపాలేల వాళ్లు, పేటల వాళ్లు, అగ్రహారాల వాళ్లు, మసీదు వీధి వాళ్లు, యానాం వాళ్లు ఉన్నారు. చింతూరు, మారేడుమిల్లి వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే కోయ, కొండరెడ్డి పిల్లలున్నారు. అందరూ ఒకే బస్సు దిగి ఒకే గేటులోంచి లోపలికొస్తారు. మధ్యాహ్నం గంట కొట్టాక చూడండి, ఎవరి చెట్టు కిందికి వాళ్లు వెళ్లిపోతారు.

స్టేజీ చివర

ముందుగా నా తప్పు చెబుతాను. ఇన్‌ఛార్జి అయిన మొదటి ఏడాది వార్షికోత్సవానికి "ట్రైబల్ ఐటమ్ ఒకటి ఉండాలి" అన్నారు పైవాళ్లు. నేను చింతూరు వైపు కోయ అమ్మాయినీ, ఇంకో నలుగురు హాస్టల్ పిల్లలనూ పిలిచి థింసా చేయమన్నాను. తలూపారు. ఫోన్లో వీడియోలు చూసి రెండు వారాలు నేర్చుకున్నారు. హాలంతా చప్పట్లు. మర్నాడు అద్దె చీరలు మడతపెట్టి తిరిగిస్తూ ఆ అమ్మాయి మెల్లిగా అంది: "మేడమ్, థింసా అరకు వైపు వాళ్లదండి. మాది కాదు. మావాళ్లు కొమ్ములు కట్టుకుని ఆడతారు."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదమ్మా" అన్నాను.

"మీరు అడగలేదు కదండీ" అంది. కోపం లేదు ఆ గొంతులో. చీరలు లెక్కపెట్టి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ పిల్ల మూడేళ్లలో ఇంకెప్పుడూ స్టేజీ ఎక్కలేదు.

అందుకే నేను ఎవరికైనా మొదట చెప్పేది, మొదటి ఏడాది ప్రోగ్రాములు పెట్టకండి. గది తెరవండి. పిల్లలు అక్కడ కూర్చోవడం, తినడం, నిద్రపోవడం, గొడవపడి మళ్లీ కలవడం జరగనివ్వండి. తమ గురించి ఎవరికీ వివరం చెప్పకుండా కూర్చోగలిగిన చోటు ఒకటి దొరికితే, చెప్పాల్సినవి వాళ్లే చెబుతారు. అప్పుడు స్టేజీ దానంతట అదే వస్తుంది.

గది ఎక్కడ, ఎలా

కింది అంతస్తులో అడగండి. మేడ మీద గది ఎంత బాగున్నా వద్దనండి. మా గుమ్మం ఆరంగుళాల ఎత్తు. మూడు చక్రాల బండి మీద వచ్చే అబ్బాయి ఒకడు బయటే ఆగిపోయేవాడు. తాపీమేస్త్రీని పిలిచి ర్యాంపు వేయమంటే రెండున్నర అడుగుల పొడవున నిటారుగా వేసి వెళ్లిపోయాడు. ఆ అబ్బాయి దాని మీదకు ఎక్కాలంటే వెనక ఇద్దరు తొయ్యాలి. తోయించుకోవడం ఇష్టం లేక రావడమే మానేశాడు. ర్యాంపుకి లెక్కుంది: అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. అంటే ఆరంగుళాల గుమ్మానికి ఆరడుగులు. పగలగొట్టించి మళ్లీ వేయించాం. రెండు బస్తాల సిమెంటు, ఒక పూట కూలి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, ఉన్నత విద్యలో వాళ్లకు 5 శాతం సీట్లు ఇవ్వాలంటుంది. సీటు ఇచ్చి గుమ్మం దగ్గర ఆపేస్తే ఆ సీటుకు అర్థమేముంది?

తెరిచే వేళ ముఖ్యం. పొద్దున ఫస్ట్ బస్సుకు దిగే పిల్లలు ఎనిమిదింటికే వచ్చేస్తారు, క్లాసు తొమ్మిదిన్నరకి. ఆ గంటన్నర ఆడపిల్లలు గేటు దగ్గర నిలబడి ఉండేవాళ్లు. కాబట్టి ఎనిమిదింటికి తెరవాలి. సాయంత్రం కూడా ఆఖరి బస్సు వెళ్లేదాకా ఉంచాలి. మీరు ఎనిమిదింటికి రాలేరు, నేనూ రాలేను. అందుకే తాళం పిల్లల దగ్గర ఉండాలి. ఆఫీసులో దీనికి ఒప్పించడానికి నాకు ఆరు నెలలు పట్టింది. "ఏమైనా పోతే బాధ్యత ఎవరిది?" అని అడుగుతారు. నాది అని రాసిచ్చాను. ఎనిమిదేళ్లలో పోయింది ఒక క్యారమ్ స్ట్రైకర్.

పేరు మీరు పెట్టకండి. నేను "రచ్చబండ" అనుకున్నాను, బోర్డు కూడా రాయించబోయాను. ఒక బీకాం అబ్బాయి అన్నాడు: "మేడమ్, మా ఊళ్లో రచ్చబండ మీద మా తాత ఎప్పుడూ కూర్చోలేదండి. కింద నిలబడేవాడు." ఇన్నేళ్లూ తెలుగు చెప్పినదాన్ని, ఆ మాటను ఎప్పుడూ అటువైపు నుంచి చూడలేదు. చివరికి పిల్లలే "పంటు" అని పెట్టుకున్నారు. సఖినేటిపల్లి నుంచి గోదావరి మీద నరసాపురం దాటించే పంటు తెలుసు కదా, దాని మీద మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, పెళ్లివాళ్లు, ఆస్పత్రికి వెళ్లేవాళ్లు అందరూ ఒకే చెక్క మీద నిలబడతారు. ముందుకీ వెనక్కీ తేడా లేదు దానికి.

క్యారేజీ

మధ్యాహ్నం భోజనం దగ్గర మీకు తెలియాల్సింది సగం తెలిసిపోతుంది. సముద్రం ఒడ్డు నుంచి వచ్చే అబ్బాయి ఒకడు రోజూ సైకిల్ స్టాండు వెనక గోడకు ఆనుకుని తినేవాడు. ఒకరోజు పిలిచి లోపల కూర్చోమన్నాను. స్టీలు క్యారేజీ పై గిన్నె మూత తీశాడు, ఎండు రొయ్యలూ వంకాయా. వాసన గదంతా కొట్టింది. ఎవరో "అబ్బా" అన్నారు, చిన్నగానే. వాడు మూత పెట్టేశాడు. వేలితో ఆ మూత అంచు నొక్కి పట్టుకుని కూర్చున్నాడు, మజ్జిగన్నం మాత్రం తిన్నాడు.

అక్కడి నుంచి గదిలో ఒకే నియమం పెట్టుకున్నాం: ఎవరి క్యారేజీ గురించి ఎవరూ మాట అనకూడదు, ముఖం కూడా చిట్లించకూడదు. వాసన పడనివాళ్లకు కిటికీ పక్క బల్ల. వాళ్లనూ ఎవరూ ఏమీ అనకూడదు. కార్తీక సోమవారం ఉపవాసం ఉండే పిల్లలున్నారు, రంజాన్‌లో నెలంతా ఉండే పిల్లలున్నారు, ఈస్టర్ ముందు లెంట్‌లో మాంసం మానేసే పిల్లలున్నారు. "ఎందుకు తినట్లేదు" అని అడగడం కూడా మానేశాం. రంజాన్ నెలలో మధ్యాహ్నం పూట గది వెనక సగం తెర కట్టి ఖాళీగా ఉంచుతాం. ఉపవాసం ఉన్నవాళ్లు అక్కడ పడుకుంటారు, శుక్రవారం నమాజు చేసుకుంటారు. వేరే రోజుల్లో అదే తెర వెనక ఒంట్లో బాగోలేని ఆడపిల్లలు పడుకుంటారు. చాప ఒకటి, తెర ఒకటి, శానిటరీ ప్యాడ్ల డబ్బా ఒకటి. వీటికి పెట్టిన డబ్బు మా మొత్తం ఖర్చులో అన్నిటికన్నా బాగా పనికొచ్చింది.

గోడ మీద చార్టు

మొదటి నెలలో చేయాల్సిన పని ఇదే. పన్నెండు నెలల చార్టు ఒకటి గోడకు అంటించి, పక్కన స్కెచ్ పెన్ను వేలాడదీయండి. "మీ ఇంట్లో ముఖ్యమైన రోజు రాయండి. కాలేజీకి రావడం కష్టమైన రోజులు కూడా రాయండి" అని చెప్పండి, అంతే. పేర్లు రాయక్కర్లేదు.

మా చార్టు మీద మొదట వచ్చింది కనుమ. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. ఆ రోజూ మర్నాడూ ఆ పక్క పిల్లలెవరూ రారు. మోసినవాళ్ల భుజాలు చూస్తే ఎందుకు రారో తెలుస్తుంది. తర్వాత భీష్మ ఏకాదశి, అంతర్వేది తీర్థం. గుడ్ ఫ్రైడే. ఏప్రిల్ 14, అంబేద్కర్ జయంతి. కోయ పిల్లల భూమి పండుగ, కొండరెడ్డి పిల్లల మామిడి కొత్త. కొత్త కాయ దేవతకు పెట్టేదాకా వాళ్లు మామిడికాయ ముట్టరు. మేం మార్చిలో హాస్టల్లో మామిడికాయ పప్పు చేసి, తినట్లేదేమని విసుక్కున్నాం కొన్నేళ్లు.

తర్వాత ఎవరో ఎర్ర స్కెచ్‌తో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అడ్డంగా గీత గీసి "వేట లేదు" అని రాశారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేట ఆపేస్తారు. పల్లిపాలెం ఇళ్లలో ఆ రెండు నెలలు రాబడి ఉండదు, ప్రభుత్వం ఇచ్చే భృతి వచ్చినప్పుడు వస్తుంది. మేం టూరు డబ్బులు ఎప్పుడు కట్టమంటున్నాం? మే మొదటి వారంలో. మూడేళ్లుగా పల్లిపాలెం పిల్లలు టూరుకు రాలేదు, "వాళ్లకి ఇంట్రెస్ట్ లేదు" అని స్టాఫ్ రూమ్‌లో అనుకున్నాం. తారీఖు ఫిబ్రవరికి మార్చాం. ఆ ఏడు బస్సులో పదకొండు మంది వాళ్ల పిల్లలే.

జూలై, ఆగస్టు నెలల మీద లంక పిల్లలు నీలం రంగు పూసేశారు. ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. ఊళ్లో ఉన్నవాళ్లకు అవి టీవీ అడుగున పాకే అంకెలు. లంకలో ఉన్న పిల్లకి మొదటి హెచ్చరిక అంటే కాజ్‌వే మునగడం, రెండోదంటే పుస్తకాలు అటక మీదికి ఎక్కించడం. 2022 జూలైలో వరద 25 లక్షలు దాటినప్పుడు మా పిల్లలు కొందరు వారాల తరబడి రాలేదు. వచ్చాక హాజరు తక్కువని పరీక్ష ఫీజు దగ్గర ఆపారు. ఇప్పుడు మొదటి హెచ్చరిక రాగానే సీనియర్లు లంక పిల్లలందరికీ ఫోన్ చేస్తారు. వాళ్ల సబ్జెక్టుల నోట్సు జిరాక్స్ తీసి బీరువాలో పేరు రాసి పెడతారు. తహసీల్దార్ ఆఫీసు ఇచ్చిన ముంపు గ్రామాల జాబితా నేను తెచ్చి, హాజరు మినహాయింపు కాగితానికి జతచేసి ప్రిన్సిపాల్ గారికి ఇస్తాను. సంస్కృతి కేంద్రానికి వరదతో ఏం పని అని ఒక సీనియర్ లెక్చరర్ అడిగారు. లంకలో పుట్టడం కూడా ఆ పిల్లల గుర్తింపే కదండీ. ఏ ఊరివాళ్లు, ఏ నీళ్ల పక్కన పెరిగారు అన్నది వాళ్ల వెంట క్లాసులోకి వస్తుంది.

అడగకూడనివి

ఊరు అడగొచ్చు. ఇంటిపేరు అడిగి ఆగిపోయి ముఖం చూడకండి. "మీరేమిట్లు?", అంటే ఏ కులమని, మన వైపు మంచినీళ్లు అడిగినంత మామూలుగా అడిగేస్తారు. గదిలో ఆ మాట పనికిరాదని మొదటి రోజే చెప్పండి. స్టాఫ్‌కి కూడా చెప్పండి, వాళ్లకే ముందు చెప్పండి.

క్లాసులో "ఎస్సీ స్కాలర్‌షిప్ వాళ్లు లేచి నిలబడండి" అనడం ఇంకా చాలాచోట్ల ఉంది. లేచే పిల్ల దృష్టితో ఆ క్షణం ఊహించుకోండి. మేం రోల్ నంబర్లతో ఎవరికి వాళ్లకి మెసేజ్ పంపుతాం. నాలుగింటి తర్వాత పంటు గదిలో కంప్యూటర్ దగ్గర ఇద్దరు సీనియర్లు కూర్చుని స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ జ్ఞానభూమి దరఖాస్తుల్లో తప్పులు సరిచేస్తారు. ఈ పనికి గది పెట్టినా చాలు.

ఫొటోల సంగతి జాగ్రత్తగా వినండి. ఒక క్రిస్మస్‌కి మంచి గొంతున్న అమ్మాయి పాడింది. అందరూ ఫోన్లు ఎత్తారు. దిగి వచ్చి నా చెయ్యి పట్టుకుని "మేడమ్, ఫొటో పెట్టొద్దని చెప్పండి, ప్లీజ్" అంది. చెయ్యి చల్లగా ఉంది. టీసీలో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు ఉన్న పిల్లలు మన డెల్టాలో ఎంతమందో. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులం హోదా హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు, క్రైస్తవులకు లేదు. దాని మీద పెద్దవాళ్ల వాదనలు కోర్టుల్లో నడుస్తాయి. పద్దెనిమిదేళ్ల పిల్లకి మాత్రం ఒక ఫొటో వల్ల అన్నయ్య సీటుకు ఏమవుతుందో అన్న టెన్షన్. గదిలో ఏ ఫొటో అయినా అందులో ఉన్నవాళ్లని అడక్కుండా బయటికి పోకూడదు. ఎందుకు వద్దన్నారో అడగనక్కర్లేదు.

"వచ్చారు"

ఒక ఏడాది రెండో సెమిస్టర్‌లో ఒక విద్యార్థి వచ్చి, రిజిస్టర్‌లో ఉన్న అబ్బాయి పేరుతో కాకుండా ఇంకో పేరుతో పిలవమని అడిగారు. పేరు సులువే. కానీ మన భాషలో క్రియ దగ్గరికి వచ్చేసరికి ఇరుక్కుపోతాం. "వచ్చాడు" అనాలి, లేదా "వచ్చింది" అనాలి. నోరు తెరిచిన ప్రతిసారీ తేల్చి చెప్పాల్సిందే. సూటిగా అడిగాను, ఎలా అనమంటారని. కాసేపు ఆలోచించి, "వచ్చారు అనండి మేడమ్. నన్నొక్కదాన్నే అంటే అందరూ చూస్తారు. అందరినీ అలాగే అనండి" అన్నారు.

ఆ రోజు నుంచి పంటు గదిలో నేను పిల్లలందరినీ "మీరు" అంటాను, అందరూ "వచ్చారు", "తిన్నారు". మొదట నవ్వారు. వారంలో అలవాటైపోయింది. తరాలుగా "ఒరేయ్" అనిపించుకున్న ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఆ "మీరు" వింటూ వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవడం నేను చూశాను. ఒకరి కోసం చేసింది ఎందరికి తగిలిందో.

మిగతావి చెప్పేస్తాను. ఆడ, మగ బోర్డు లేని, లోపల గడియ ఉన్న టాయిలెట్ ఒకటి కావాలి. ఇంట్లోవాళ్లకు మీరు చెప్పకండి, అది వాళ్లు చెప్పుకోవాల్సిన సంగతి. ట్రాన్స్‌జెండర్లను గుర్తిస్తూ సుప్రీంకోర్టు తీర్పు 2014లోనే వచ్చింది. 2019 చట్టం విద్యాసంస్థలో వివక్ష కూడదంటుంది. ఆఫీసులో ఎవరైనా నసిగితే ఆ రెండూ ప్రింటు తీసి బల్ల మీద పెట్టండి.

ఇప్పుడు ప్రోగ్రాములు

పిల్లలు తమకు తాముగా "మేం చేస్తాం" అన్నాకే చేయండి. డప్పు బాగా వాయించే అబ్బాయి ఉన్నాడని తెలిసి మా సహోద్యోగి ఒకరు అడిగారు. ఆ అబ్బాయి "మా తాత చావులకీ చాటింపులకీ కొట్టాడండి, మా నాన్న నన్ను ముట్టుకోనివ్వలేదు" అన్నాడు. అక్కడితో వదిలేయాలి. రెండేళ్ల తర్వాత ఇంకో అమ్మాయి తనంతట తనే డప్పు తెచ్చి, మంట వేసి కాచి, మెట్ల మీద కూర్చుని వాయించింది. ఇద్దరిదీ సరైనదే.

కళాకారులను బయటి నుంచి పిలిచేటప్పుడు మన చుట్టుపక్కలే చూడండి. మాధవపట్నం తోలుబొమ్మలాట వాళ్లున్నారు, ద్రాక్షారామం వైపు వీరనాట్యం వాళ్లున్నారు, గరగలు ఎత్తేవాళ్లున్నారు. శాలువా కప్పి పంపేయకండి. పారితోషికం ముందే మాట్లాడుకోండి, వెళ్లేలోపు చేతికివ్వండి. చీఫ్ గెస్ట్ తిన్న బల్ల మీదే వాళ్లకూ భోజనం పెట్టండి. వాళ్ల పిల్లలు మీ క్లాసులో ఉండొచ్చు, చూస్తూ ఉంటారు.

మంచి ప్రోగ్రాముల్లో మాకు బాగా గుర్తుండిపోయింది మాటల రోజు. ఒకే వస్తువుకు ఎవరింట్లో ఏమంటారో బోర్డు మీద రాశారు. కోయ మాట, యానాం మాట, ఉర్దూ మాట, లంక మాట. "ఆయ్" అన్నందుకు హైదరాబాద్‌లో ఎవరెలా నవ్వారో చెప్పుకున్నారు. అదే నవ్వు మనం ఏజెన్సీ పిల్లల యాస మీద నవ్వామని వాళ్లకు వాళ్లే పట్టుకున్నారు. నేను నోరు విప్పలేదు.

గది తీర్చకూడని తగవులు

ఇది రాయడం నాకు కష్టం. హాస్టల్లో ఒక అబ్బాయిని కులం పేరు పెట్టి తిట్టారు. నా దగ్గరికి వచ్చాడు. నేను ఇద్దరినీ పంటు గదికి పిలిచి, మాట్లాడించి, చేతులు కలిపించాను. బాగా చేశాననుకున్నాను. తిట్టిన అబ్బాయి రోజూ గదికి వస్తూనే ఉన్నాడు. తిట్లు తిన్న అబ్బాయి రావడం మానేశాడు. చేతులు కలిపించి వాడి నోరు నేనే మూయించానని అర్థమయ్యేసరికి పరీక్షలైపోయాయి.

కొట్లాట వేరు, అవమానం వేరు. ఎవరు పాట గట్టిగా పెట్టారు, ఎవరి కుర్చీ ఎవరు లాగారు లాంటివి గదిలో తేల్చండి. కులం పేరుతో తిట్టడం, ర్యాగింగ్, ఆడపిల్లల మీద చెయ్యి వేయడం లాంటివి కాగితం మీదకు రావాలి. తేదీ, సమయం, అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయించండి, కాపీ ఆ విద్యార్థికి ఇవ్వండి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 నుంచి ఉంది. ర్యాగింగ్ మీద యూజీసీ నిబంధనలు 2009లో వచ్చాయి, హెల్ప్‌లైన్ 1800-180-5522. సమాన అవకాశాల విభాగం ఉండాలని యూజీసీ 2012లోనే చెప్పింది, మీ కాలేజీలో దాని బాధ్యులు ఎవరో ఫోన్ నంబరుతో గోడ మీద రాయండి. మనసు బాగోలేని పిల్లలకు టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. మా గదిలో ఈ నంబర్లు లైటు స్విచ్ పక్కన ఉంటాయి, వెతుక్కుంటున్నట్టు ఎవరికీ కనిపించకుండా చూసుకోవచ్చని.

కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చే విషయమై 2022 మే 24న అమలాపురంలో జరిగింది అందరికీ తెలుసు. ఇళ్లు తగలబడ్డాయి, రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగిపోయింది. కాలేజీకి తిరిగొచ్చిన పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. శాంతి సభ పెట్టమన్నారు. నేను పెట్టలేదు. గది మామూలు వేళకు తెరిచాం. ఫోన్లో వచ్చినవి ఇక్కడ చదవకూడదని మాత్రం సీనియర్లు చెప్పారు. రెండు రోజులు ఎవరూ రాలేదు. మూడో రోజు వాన పడింది, ఇద్దరొచ్చారు. వారం తర్వాత క్యారమ్ బోర్డు చప్పుడు వినిపించింది. మాట్లాడుకోవడానికి ఇంకా చాలా రోజులు పట్టింది, కానీ కూర్చోవడానికి చోటు మూతపడలేదు.

అమెరికాలో చూసింది

మా పాత విద్యార్థిని ఒకరు అక్కడ ఎంఎస్ చేస్తూ వీడియో కాల్‌లో వాళ్ల క్యాంపస్ సాంస్కృతిక కేంద్రం తిప్పి చూపించారు. సోఫాలు, చిన్న వంటగది, అరువుకిచ్చే పుస్తకాలు, కొత్తగా వచ్చినవాళ్లకు తోడుండే సీనియర్లు, వినడానికి ఒక ఉద్యోగి. అవి ఊరికే రాలేదు. 1968లో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్‌లో విద్యార్థులు నెలల తరబడి సమ్మె చేశారు. యేల్‌లో నల్లజాతి విద్యార్థుల కేంద్రం 1969లో మొదలైంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో స్వలింగ ప్రేమికులైన విద్యార్థుల కోసం 1971లోనే ఆఫీసు పెట్టారు. మనకూ పూర్వులు లేకపోలేదు. 1904 నుంచి 1919 దాకా కాకినాడ పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు ఆడపిల్లలకూ దళిత పిల్లలకూ చదువు తలుపు తెరవడానికి నిలబడ్డారు.

అదే అమెరికాలో ఇలాంటి ఆఫీసులను ఆపాలని టెక్సాస్ రాష్ట్రం చేసిన ఒక చట్టం 2024 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఆస్టిన్‌లోని పెద్ద విశ్వవిద్యాలయంలో అలాంటి కేంద్రాన్ని మూసేశారు. ఆ వార్త మా పిల్లలతో కలిసి చదివాను. ఆర్డరుతో వచ్చిన గది ఆర్డరుతో పోతుంది. నేను రేపు ట్రాన్స్‌ఫర్ అయిపోవచ్చు. కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ టీమ్ వచ్చినప్పుడు కొత్త రంగు వేసి, వెళ్లాక తాళం వేసే గదులు మనం చూడనివి కావు. కాబట్టి గది నడిపే తీరు నా ఫైల్లో ఉంటే లాభం లేదు, పిల్లలకు నోటికి రావాలి.

అందుకని కొత్త బ్యాచ్ చేరిన మూడో వారంలో తాళం అప్పగింత పెడతాం. చివరి ఏడాది పిల్లలు ఇద్దరు, రెండో ఏడాది పిల్లలు నలుగురు. ఆ నలుగురూ నాలుగు వేరు వేరు చోట్ల నుంచి వచ్చినవాళ్లై ఉండాలి, ఒకరైనా హాస్టల్ నుంచి, కనీసం ఇద్దరు అమ్మాయిలు. ఉపన్యాసాలుండవు. గదంతా తిప్పి చెబుతారు: నోట్సు బీరువా కింది అర లంకల వాళ్లది, ఖాళీగా ఉంచాలి. తెర బుధవారం ఉతకాలి. ప్యాడ్ల డబ్బా సగానికి రాకముందే చెప్పాలి. చార్టు పాతది తీసేయకండి, దాని మీదే కొత్తది అంటించండి. కుడివైపు కిటికీ గడియ వదులు, వానొస్తే ముందు అది వేయండి, పుస్తకాలు తడిసిపోతాయి.